పాఠ్యపుస్తకంలో జీవశాస్త్రం తప్పు కనిపిస్తే దాన్ని దిద్దించడం ఎలా?

ఉప్పునీళ్లలో ముంచిన దూదిపుల్లను నాలుక కొన మీద ఆనించి "ఏం రుచి?" అని అడిగాను. "ఉప్పగా ఉంది సార్" అంది ఆ అమ్మాయి, తడుముకోకుండా. తర్వాత ఆమె రికార్డు తెరిస్తే "నాలుక కొన: ఉప్పు తెలియలేదు" అని రాసి ఉంది. ఎందుకమ్మా ఇలా రాశావు అని అడిగాను. "కొన మీద తీపి మాత్రమే తెలుస్తుందని పుస్తకంలో ఉంది కదా సార్, నాదే తప్పనుకున్నా" అంది.

ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఒక తప్పు సమాచారం బుర్రలోకి వెళితే ఎప్పుడో ఒకప్పుడు దిద్దుకోవచ్చు. తన నాలుకకు తెలిసినదాన్నే నమ్మకూడదని ఓ పిల్ల సైన్సు క్లాసులో నేర్చుకుంటే అది ఎప్పుడు పోతుంది? ఒక్కో రుచికి ఒక్కో చోటు అంటూ నాలుకను నాలుగు ముక్కలు చేసి పుస్తకాల్లో చూపే బొమ్మ వెనక కథ పాతది. 1901లో హేనిగ్ అనే జర్మన్ పరిశోధకుడు నాలుక అంచుల మీద రుచి తెలిసే తీరులో చిన్న చిన్న తేడాలు గమనించాడు. 1942లో ఎడ్విన్ బోరింగ్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త తన గ్రంథంలో ఆ అంకెల్ని గ్రాఫుగా గీశాడు. ఆ గ్రాఫులో చిన్న తేడాలు కొండంతలుగా కనిపించాయి. అక్కడి నుంచి అది పటమై బడిపుస్తకాల్లోకి చేరింది. నిజానికి రుచిమొగ్గలు ఉన్న ప్రతిచోటా అన్ని రుచులూ తెలుస్తాయి.

ఆ రోజు నుంచి పుస్తకంలో తప్పు కనిపిస్తే రాసి పంపడం అలవాటు చేసుకున్నాను. కొన్ని దిద్దారు. కొన్నిటికి జవాబే రాలేదు. ఎలా రాస్తే పని జరుగుతుందో అనుభవం మీద తెలిసింది. మీరు టీచరైనా, ఇంట్లో పిల్లల చేత చదివించే అమ్మానాన్నలైనా, చదువుకుంటున్న విద్యార్థి అయినా ఈ దారిలో వెళ్లవచ్చు.

1. చూసింది చూసినట్టు రాసుకోండి

పుస్తకం పేరు, తరగతి, ముద్రణ సంవత్సరం, పాఠం, పేజీ, పేరా, ఆ పేరాలో ఎన్నో వరుస. వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాయండి. సొంత మాటల్లో రాస్తే, చూసేవాళ్లు "మా పుస్తకంలో అలా లేదే" అని పక్కన పెట్టేస్తారు. ఆ పేజీ ఫోటో, ముద్రణ వివరాలుండే పేజీ ఫోటో రెండూ తీసి ఉంచుకోండి.

తర్వాత అదే పుస్తకం తాజా ముద్రణ దొరికితే చూడండి. మీ చేతిలో ఉన్నది పాత ప్రతి అయి, తప్పు ఈపాటికే దిద్ది ఉండవచ్చు. పుస్తకం అనువాదమైతే మూలంతో పోల్చండి. చాలాసార్లు మూలంలో సరిగ్గానే ఉంటుంది, అనువాదంలో తేడా వస్తుంది. జంతుకణానికి కణత్వచం (పల్చటి పొర) మాత్రమే ఉంటుంది, కణకవచం (మొక్క కణాల్లో ఆ పొర బయట ఉండే గట్టి గోడ) ఉండదు. ఈ రెండు మాటలు ఒకదాని చోట ఒకటి పడితే అర్థమే తలకిందులవుతుంది. శ్వాసక్రియ అనే మాటతోనూ ఇదే చిక్కు. గాలి పీల్చి వదలడానికీ అదే మాట వాడతాం, కణాల్లో ఆహారం నుంచి శక్తి విడుదల కావడానికీ అదే వాడతాం. "మొక్కలు రాత్రిపూట మాత్రమే శ్వాసిస్తాయి" అనే తప్పు చాలావరకు ఈ గందరగోళంలోంచే పుట్టింది. మొక్క కణాల్లో శ్వాసక్రియ పగలూ రాత్రీ ఆగకుండా జరుగుతుంది. పగలు కిరణజన్య సంయోగక్రియ దాన్ని మించి సాగుతుంది కాబట్టి బయటికి ఆక్సిజన్ వస్తున్నట్టు మాత్రమే కనిపిస్తుంది.

2. అది ఏ రకం తప్పో తేల్చుకోండి

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. తొందరపడితే మీ ఉత్తరం విలువ పోయేది ఇక్కడే.

అచ్చుతప్పుల సంగతి ముందు చెప్పేస్తాను. ఒత్తు పోవడం, అంకె తారుమారు కావడం లాంటి ముద్రారాక్షసాల కోసం పెద్ద ఉత్తరం అక్కర్లేదు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? ఒక పట్టికలో వేసి పంపితే చాలు. అయితే మనిషి కణంలో 46 క్రోమోజోములని ఉండాల్సిన చోట 64 అని పడితే దాన్ని అచ్చుతప్పుగా వదిలేయకండి. పిల్లలు దాన్నే బట్టీ పడతారు.

రెండోది, తరగతి స్థాయికి తగ్గట్టు సరళం చేసి చెప్పినవి. ఇవి తప్పులు కావు. కిరణజన్య సంయోగక్రియ సమీకరణంలో 6 నీటి అణువులు వేయడం చూసే ఉంటారు. అది మొత్తం మీద లెక్క, ఒప్పే. కానీ దాని కిందే "విడుదలయ్యే ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్ నుంచి వస్తుంది" అని వాక్యం ఉంటే అది అచ్చమైన తప్పు. ఆ ఆక్సిజన్ నీటి నుంచి వస్తుందని 1941లో రూబెన్, కామెన్ బృందం బరువైన ఆక్సిజన్‌ను గుర్తుగా వాడి చూపింది. ఒక్కసారి లెక్కపెట్టండి. బయటికొచ్చే 6 ఆక్సిజన్ అణువుల్లో 12 పరమాణువులు ఉంటాయి. 6 నీటి అణువుల్లో ఉండేవి 6 ఆక్సిజన్ పరమాణువులే. అందుకే పై తరగతుల్లో 12 నీటి అణువులు తీసుకుని, అవతలి వైపు 6 చూపిస్తారు. ఏ తరగతి పుస్తకమో చూసి, సమీకరణాన్ని వదిలి వాక్యాన్ని మాత్రం పట్టుకోండి.

రక్తనాళాల బొమ్మలో సిరలకు నీలం రంగు వేయడం కూడా ఇలాంటిదే. అది గుర్తు కోసం వేసిన రంగు, బొమ్మ మార్చమని అడగక్కర్లేదు. "రంగులు గుర్తింపు కోసమే, రక్తం ఎప్పుడూ ఎర్రగానే ఉంటుంది" అని బొమ్మ కింద ఒక్క వరుస వేయమనండి. పాఠంలోనే "సిరల్లో నీలిరక్తం ప్రవహిస్తుంది" అని ఉంటే మాత్రం దిద్దాల్సిందే. ఆక్సిజన్ తగ్గిన రక్తం ముదురు ఎరుపు.

మూడోది, ఒకప్పుడు ఒప్పయి ఇప్పుడు పాతబడినవి. మనిషికి 48 క్రోమోజోములని 1920ల నుంచి మూడు దశాబ్దాలకు పైగా ప్రపంచమంతా నమ్మింది. జియో, లెవాన్ అనే ఇద్దరు 1956లో 46 అని తేల్చారు. అప్పటిదాకా పుస్తకం రాసినవాళ్లు తెలివితక్కువవాళ్లేం కాదు. ఒక గ్లూకోజ్ అణువు నుంచి 36 లేదా 38 ఏటీపీలు (కణానికి శక్తిని అందించే అణువులు) వస్తాయనే అంకె నేటికీ చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. ఇప్పటి లెక్క ఇంచుమించు 30 నుంచి 32. మన ఒంట్లో కణాల కంటే బ్యాక్టీరియా పది రెట్లు ఎక్కువనే మాటా అంతే. 2016లో మళ్లీ లెక్కగడితే సుమారు 30 లక్షల కోట్ల మానవ కణాలకు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా తేలాయి, అంటే దాదాపు సరిసమానం. ఇలాంటి వాటికి "తప్పు" అనే మాట వాడకుండా "కొత్త సమాచారం ప్రకారం మార్చాలి" అని రాయండి. అవతలివాళ్లు నొచ్చుకోకుండా వింటారు.

నాలుగోది, మినహాయింపులను మింగేసిన వాక్యాలు. పెన్సిల్ తీసుకుని పాఠంలో "అన్ని", "మాత్రమే", "ఎప్పుడూ", "ఏదీ" అనే మాటల చుట్టూ సున్నా చుట్టండి. తప్పులు సగం అక్కడే దొరుకుతాయి. "ధమనులన్నీ ఆక్సిజన్ నిండిన రక్తాన్ని తీసుకెళతాయి" అంటే ఆక్సిజన్ తగ్గిన రక్తాన్ని ఊపిరితిత్తులకు తీసుకెళ్లే పుపుస ధమని సంగతేంటి? "ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం ఉండదు" అంటే కప్పల్లో, పక్షుల్లో ఉంటుంది కదా? "క్షీరదాలన్నీ పిల్లల్ని కంటాయి" అంటే గుడ్లు పెట్టే ప్లాటిపస్ ఎక్కడికి పోవాలి? ఇవి దిద్దడం చాలా సులువు. "చాలావరకు" అనో, "క్షీరదాల్లో" అనో ఒక్క మాట చేరిస్తే చాలు.

అన్నిటికంటే హాని చేసేవి, అసలు భావనే తలకిందులైన వాక్యాలు. "ఎత్తయిన ఆకులు అందుకోవడానికి జిరాఫీలు మెడ పొడుగు చేసుకున్నాయి" అన్నది అలాంటిది. కావాలనుకుంటే శరీరం మారదు. పుట్టుకతోనే కాస్త పొడుగు మెడ ఉన్నవి ఎక్కువగా బతికి ఎక్కువ పిల్లల్ని కంటే, తరతరాలకు ఆ లక్షణం గుంపులో పెరుగుతుంది. దీన్నే ప్రకృతివరణం అంటారు. మొదటి వాక్యంతో ప్రకృతివరణం నేర్చుకున్న పిల్లలకు ఆ తర్వాత పాఠం మొత్తం తప్పుగానే అర్థమవుతుంది.

3. బొమ్మల్ని విడిగా పరీక్షించండి

పాఠాన్ని నలుగురు చదివి ఉంటారు కానీ బొమ్మను ఎవరూ చదవరు. చిత్రకారుడు గీస్తాడు, పేజీ అందం కోసం ఎవరో దాన్ని అటుదిటు తిప్పుతారు, అచ్చయిపోతుంది.

డీఎన్‌ఏ బొమ్మనే చూడండి. మామూలుగా కణాల్లో ఉండే డీఎన్‌ఏ మెలిక కుడిచేతి వాటం. పుస్తకాల అట్టల మీద, పోస్టర్ల మీద ఎడమచేతి వాటంగా గీసినవి ఎన్నో కనిపిస్తాయి. తేల్చుకోవడం చిటికెలో పని. బొమ్మను నిలువుగా పట్టుకుని, మీకు ముందువైపు ఉన్న పోగును చూడండి. అది కింద ఎడమ నుంచి పైన కుడికి ఎక్కుతుంటే సరైనదే. కింద కుడి నుంచి పైన ఎడమకి ఎక్కుతుంటే తప్పు. అనుమానంగా ఉంటే మామూలు స్క్రూ ఒకటి పక్కన పెట్టి పోల్చండి, దాని మర కూడా కుడివాటమే. "పుస్తకం తలకిందులుగా పట్టుకుంటే సరిపోతుందిలే" అని ఎవరైనా అంటే తిప్పి చూపించండి. ఎంత తిప్పినా వాటం మారదు, అద్దంలో చూస్తేనే మారుతుంది. ఎడమవాటం ఉన్న జెడ్-డీఎన్‌ఏ అనే రూపం ఒకటుంది. కాబట్టి ఉత్తరంలో "వాట్సన్, క్రిక్ 1953లో చెప్పిన రూపం" అని స్పష్టంగా రాస్తే ఆ వాదనకు చోటుండదు.

గుండె బొమ్మలో ఎడమ జఠరిక (కింది గది) గోడ కుడి జఠరిక గోడ కంటే మందంగా ఉండాలి. బొమ్మలో ఎడమ జఠరిక మన కుడిచేతి వైపు కనిపించాలి, ఎందుకంటే మనం ఎదుటి మనిషిని చూస్తున్నాం. జీర్ణవ్యవస్థ బొమ్మలో కాలేయం పెద్దభాగం ఆ మనిషికి కుడివైపు ఉందా? బాణం గుర్తులు, పేర్లు రాసిన గీతలు సరైన భాగానికే తగులుతున్నాయా? ఒక్కో గీతను వేలితో పట్టుకుని చివరిదాకా వెళ్లండి.

4. మీరే పొరబడ్డారేమో చూసుకోండి

పారిశ్రామిక విప్లవ కాలంలో ఇంగ్లండులో నల్లబడిన పెప్పర్డ్ మాత్ చిమ్మటల కథ మీకు తెలిసే ఉంటుంది. మసి పట్టిన చెట్ల మీద నల్లవి పక్షుల కంటపడక ఎక్కువయ్యాయన్నది ఆ కథ. దాన్ని తేల్చడానికి కెటిల్‌వెల్ అనే శాస్త్రవేత్త 1950ల్లో చేసిన ప్రయోగాల మీద విమర్శలు వచ్చాయి. చిమ్మటలు చెట్టు మొదళ్ల మీద వాలనే వాలవని, ప్రయోగమే నకిలీదని కొందరు ప్రచారం చేశారు. అది చదివి "ఈ పాఠం తీసేయండి" అని రాస్తే మీరే తప్పులో కాలేసినట్టు. మైఖేల్ మజెరస్ అనే శాస్త్రవేత్త ఆరేళ్ల పాటు 4,800కు పైగా చిమ్మటలతో మళ్లీ ప్రయోగం చేశాడు. ఆయన పోయాక 2012లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. పక్షులు తినడం వల్లే రంగుల నిష్పత్తి మారిందన్న మాట నిలబడింది.

జర్మన్ జీవశాస్త్రవేత్త హెకెల్ గీసిన వెన్నెముక జీవుల పిండాల బొమ్మల విషయం వేరు. 1874 నాటి ఆ బొమ్మల్లో పోలికలు ఉన్నవాటి కంటే ఎక్కువగా చూపించారు. 1997లో రిచర్డ్‌సన్ బృందం అసలు పిండాల ఫోటోలు పక్కన పెట్టి తేడాలు బయటపెట్టింది. అలాగని వెన్నెముక జీవుల పిండాల మధ్య పోలికలే లేవని కాదు. పాత బొమ్మల స్థానంలో ఫోటోలు వేయమని అడగాలి, పరిణామం పాఠాన్నే ఎత్తేయమని కాదు. ఒక బొమ్మ తప్పును సాకుగా చూపి పాఠం మొత్తం తీయించాలని చూసేవాళ్లు ఉంటారు. మీ ఉత్తరం వాళ్ల చేతిలో పనిముట్టు కాకుండా రాసుకోండి.

ఆధారాల కోసం వికీపీడియాతో మొదలుపెట్టడంలో తప్పులేదు, కానీ అక్కడే ఆగకండి. కనీసం ఒక విశ్వవిద్యాలయ స్థాయి ప్రామాణిక గ్రంథం, ఒక పరిశోధన పత్రిక వ్యాసం ఉండాలి. విడి ప్రయోగం కంటే చాలా ప్రయోగాలను కలిపి చూసిన సమీక్షా వ్యాసం బలమైనది. పబ్‌మెడ్ అనే వెబ్‌సైటులో వైద్య, జీవశాస్త్ర వ్యాసాల సారాంశాలు ఉచితంగా దొరుకుతాయి. ఆ విషయం కాలేజీలో బోధించే ఒకరికి చూపించి "నేను చెప్పేది సరైనదేనా?" అని అడగండి. వాళ్లు "కాదు" అంటే ఉత్తరం ఆపి మళ్లీ చదవండి.

5. సవరణను వాళ్లు నేరుగా పెట్టుకునేలా రాసివ్వండి

నేను మొదట్లో రాసిన ఉత్తరాలు రెండేసి పేజీలు ఉండేవి. కోపం ఎక్కువ, సవరణ తక్కువ. వాటిలో ఒక్కదానికీ ఫలితం దక్కలేదు. అవతల కూర్చున్న సంపాదకుడికి కావలసింది మన ఆవేదన కాదు, పాత వాక్యం తీసి అక్కడ పెట్టుకోవడానికి సరిపోయే కొత్త వాక్యం. అది దాదాపు అంతే పొడవుండాలి. రెండు వరుసలు పెరిగితే పేజీ జరుగుతుంది, పేజీ జరిగితే బొమ్మ జరుగుతుంది, ఆ పని ఎవరూ ఇష్టంగా నెత్తికెత్తుకోరు.

ఒక్కో తప్పుకు నాలుగే ముక్కలు రాయండి. మచ్చుకు ఒకటి:

ఉన్న వాక్యం: "నాలుకను గొట్టంలా మడవగలగడం ఒకే జన్యువు వల్ల వచ్చే బహిర్గత లక్షణం."

సమస్య: ఈ లక్షణం ఒకే జన్యువు మీద ఆధారపడదు. 1940లో ఈ మాట చెప్పిన జన్యుశాస్త్రవేత్త స్టర్టివాంటే తర్వాత దాన్ని వదులుకున్నాడు.

ఆధారం: 1952లో మాట్‌లాక్ చేసిన పరిశీలనలో, 33 జతల సమరూప కవలల్లో 7 జతల్లో ఒకరు నాలుక మడవగలిగారు, రెండోవారు మడవలేకపోయారు.

ప్రతిపాదించే వాక్యం (ఒకే జన్యువుకు నాలుక బదులు సరైన ఉదాహరణ): "మనుషుల్లో ఏబీఓ రక్తవర్గాన్ని ఒకే జన్యువు వేర్వేరు రూపాలు (యుగ్మవికల్పాలు) నిర్ణయిస్తాయి."

దీన్నే ఎందుకు మచ్చుగా తీసుకున్నానంటే, ఈ తప్పు పిల్లల ఇళ్లలోకి వెళుతుంది. పాఠం కింద "మీ అమ్మానాన్నలు నాలుక మడవగలరా? అడిగి రాయండి" అని కృత్యం ఉంటుంది. అమ్మానాన్న ఇద్దరూ మడవలేరు, బిడ్డ మడవగలదు. బహిర్గత లక్షణం బిడ్డలో ఉంటే అమ్మానాన్నల్లో ఒకరిలోనైనా ఉండాలి కాబట్టి, పుస్తకం చెప్పిన లెక్క ప్రకారం అది జరగడానికి వీల్లేదు. ఆ పిల్ల ఏమనుకోవాలి? చెవితమ్మెలు అతుక్కుని ఉండడం, వేలాడడం ఒకే జన్యువు వల్లనని చెప్పే పాఠంతోనూ ఇదే ప్రమాదం. మీ ఉత్తరంలో కారణాలు వరసగా చెప్పాల్సి వస్తే ఇలాంటిదాన్ని ముందు పెట్టండి.

ఒకేసారి నలభై తప్పులు పంపకండి. ముఖ్యమైనవి నాలుగైదు ఎంచి, అన్నిటికంటే ఆధారం గట్టిగా ఉన్నదాన్ని మొదట పెట్టండి. మొదటిది చూసి "ఈయన చెప్పింది నిజమే" అనిపిస్తే మిగతావి చదువుతారు.

6. ఎవరికి, ఎప్పుడు

పుస్తకం ముందు పేజీల్లో ప్రచురణ సంస్థ చిరునామా, సంపాదకవర్గం పేర్లు ఉంటాయి. సంస్థకు రాస్తూ, రచయితకు ఒక ప్రతి పంపండి. బడిలో ఈ పుస్తకాన్ని ఎంపిక చేసే విద్యాశాఖ విభాగం ఉంటే దానికీ పంపండి. ఈమెయిల్‌తో పాటు రసీదు దొరికేలా పోస్టులో కూడా వేయండి. మరుసటి ఏడాది పుస్తకం అచ్చుకు వెళ్లే ముందే చేరేలా చూసుకోవాలి. బడి తెరిచాక పంపితే ఏడాది ఆగాల్సి వస్తుంది.

ఒక్కరి సంతకం కంటే నలుగురు జీవశాస్త్రం టీచర్ల సంతకాలు బరువైనవి. నెలన్నర దాకా జవాబు లేకపోతే మొదటి ఉత్తరం తేదీ చెప్పి మర్యాదగా గుర్తు చేయండి. "మీ అభిప్రాయాన్ని పరిశీలిస్తాం" అనే జవాబు వస్తే సంతోషించి ఊరుకోకండి, ఏ ముద్రణలో మారుస్తారో అడగండి. ఈలోగా విడిగా తప్పొప్పుల పట్టిక ఇవ్వగలరా అనీ అడగండి. పుస్తకం మార్చడం కంటే అది వాళ్లకు తేలిక.

7. పుస్తకం మారేలోగా క్లాసులో

పిల్లలకు దాచకండి. "పుస్తకంలో ఇలా ఉంది, శాస్త్రం ఇలా చెబుతోంది, ఎలా తెలిసిందంటే..." అని మూడూ చెప్పండి. వీలైతే చేయించి చూపండి. నాలుక పటానికి ఉప్పునీళ్లు, చక్కెరనీళ్లు, ఒక్కొక్కరికి విడిగా శుభ్రమైన దూదిపుల్లలు చాలు. ఎవరికి ఏది తెలిస్తే అదే రాయమని ముందే గట్టిగా చెప్పండి.

పరీక్షల టెన్షన్ నిజమైనది, దాన్ని కొట్టిపారేయకూడదు. పుస్తకంలోని తప్పు మీదే ప్రశ్న వస్తే సరైన జవాబు రాసిన పిల్లలకు మార్కులు పోతాయేమోనన్న భయం ఉంటుంది. మీ బడిలో పేపరు మీరే తయారుచేస్తే ఆ ప్రశ్న వేయకండి. బయటి పరీక్ష అయితే, మూల్యాంకనం చేసేవాళ్లకు ముందుగానే ఆధారాలతో రాసి రెండు జవాబులకూ మార్కులు ఇవ్వమని కోరండి. ఆ హామీ వచ్చేదాకా, పుస్తకంలోని మాట ఏదో, సరైనది ఏదో రెండూ పిల్లలకు తెలిసి ఉండాలి.

8. కొత్త ముద్రణ వచ్చాక

దిద్దిన వాక్యం చూసి పుస్తకం మూసేయకండి. ఒకసారి నేను పంపిన సవరణ పాఠంలో చక్కగా చేరింది. పాఠం చివర "ఖాళీలను పూరించండి"లో మాత్రం పాత జవాబే మిగిలింది. కాబట్టి పాఠం వెనక ప్రశ్నలు, "మనం ఏం నేర్చుకున్నాం" పెట్టె, బొమ్మ కింది మాటలు, చివరి పదకోశం, టీచర్ల కరదీపిక, వేరే భాషల ముద్రణలు ఒక్కొక్కటీ తీసి చూడండి. పై తరగతి పుస్తకంలో అదే విషయం మళ్లీ వస్తుంది, అక్కడా చూడండి. ఎక్కడైనా మిగిలి ఉంటే, మొదటి సవరణ చేసినందుకు ధన్యవాదాలు చెబుతూ ఆ పేజీ నంబరు, వరుస రాసి మళ్లీ పంపండి.